మార్కులతో పాటు పిలకాయల కోపం గురించీ మాట్లాడండి

సంపాదకుడు గారికి,

2024 డిసెంబరు 7న ప్రభుత్వ బడుల్లో మెగా పేరెంట్ టీచర్ సమావేశం పెట్టారు. అప్పట్నుంచి తల్లిదండ్రులు బడి గడప తొక్కుతున్నారు, సంతోషం. అయితే అక్కడ మాటంతా మార్కులు, హాజరు చుట్టూనే తిరుగుతుంది. పిల్లాడికి కోపమొస్తే ఏం చేస్తాడు, భయమేస్తే ఎవరితో చెప్పుకుంటాడు అని అడిగేవాళ్లు లేరు. "అల్లరెక్కువ, కాస్త భయం చెప్పండి" అని టీచరంటే, "మీరే నాలుగు తగిలించండి మేడం, మేమేమీ అనుకోం" అని తండ్రి అంటాడు. కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించిందని ఆ గదిలో ఎవరికీ గుర్తుండదు.

మా నెల్లూరు వైపు ఏడ్చే పిలకాయలకు "గమ్మునుండరా" అని కసరడమో, బూచోడొస్తాడని బెదిరించడమో పాత పద్ధతి. ఇప్పుడు సెల్‌ఫోన్ చేతిలో పెడుతున్నారు. రొట్టెల పండగలో స్వర్ణాల చెరువు దగ్గర చూశాను. బొమ్మ కొనివ్వలేదని నాలుగేళ్ల పిల్ల నేలమీద పడి దొర్లుతోంది. తండ్రి చెయ్యెత్తాడు, తల్లి ఫోన్ తీసింది. పక్కనున్న అవ్వ ఒకామె కిందనే చతికిలబడి, "బొమ్మ ఇప్పించలేదని కోపమొచ్చింది గదమ్మా" అంటూ నీళ్ల సీసా అందించింది. ఏడుపు వెంటనే ఆగలేదు. బొమ్మా రాలేదు. కాసేపటికి ఆ పిల్ల వెక్కుతూనే ఆమె ఒళ్లోకి చేరింది.

ఆ వయసులో పడి దొర్లడం జబ్బూ కాదు, పొగరూ కాదు. తమను తాము సముదాయించుకోవడం వాళ్లకింకా రాదు. మన గొంతు తగ్గితే వాళ్లదీ తగ్గుతుంది. ఆకలేస్తోందా, నిద్రొస్తోందా అన్నది ముందు చూడాలి. ఆవేశంలో ఉండగా చెప్పిన నీతి చెవికెక్కదు, చల్లబడ్డాక చెప్పాలి. కోపం రావచ్చు గానీ చెల్లెల్ని కొట్టకూడదు అన్న గీత మాత్రం గట్టిగా గీయాల్సిందే. ఏడ్చినప్పుడల్లా అడిగింది ఇచ్చేయడం నేను చెప్పే దారి కాదు.

ఇంటర్ పిల్లల సంగతి నాకు మరీ బెంగ. ఆ వయసులో దిగులు చాలాసార్లు చిరాకుగా బయటపడుతుంది, మనమేమో ఎదురు మాట్లాడుతున్నాడంటాం. "మగపిల్లోడివి, ఏడుస్తావేందిరా" అని వింటూ పెరిగినవాడు హాస్టల్ నుంచి ఫోన్ చేసినా "బాగానే ఉన్నా" అనే అంటాడు. వారాల తరబడి తిండి, నిద్ర తప్పినా, చచ్చిపోతానన్న మాట ఒక్కసారి నోట వచ్చినా, వయసు ప్రభావమని వదిలేయకూడదు. మానసిక బాధల్లో ఉన్నవాళ్లకు సాయంగా 2022 అక్టోబరులో ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీమానస్ నెంబరు 14416కు రాత్రైనా పగలైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. ఈ నెంబరు హాస్టల్ గోడల మీద కనపడదు. ఫీజు గడువు తేదీ మాత్రం పెద్దక్షరాల్లో ఉంటుంది!

వచ్చే సమావేశంలో పది నిమిషాలు ఈ విషయానికి కేటాయించాలని, అంగన్‌వాడీ కార్యకర్తలకూ ప్రాథమిక బడుల టీచర్లకూ ఇందులో శిక్షణ ఇప్పించాలని జిల్లా అధికారులను కోరుతున్నాను. హాస్టళ్లలో 14416, పిల్లల సహాయానికున్న 1098 నెంబర్లు రాయించడంతో సరిపెట్టొద్దు. అక్కడ పిల్లల దగ్గర సెల్ ఉండదు, వార్డెన్ ఎదుట నిలబడి మాట్లాడాలి. పక్కన ఎవరూ లేకుండా ఆ నెంబర్లకు ఫోన్ చేసుకునే ఏర్పాటు కూడా ఉందో లేదో తనిఖీలో చూడండి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
కోవూరు, నెల్లూరు జిల్లా