ఐదు దసరాల రంగు

ఒరేయ్ రమణా,

నువ్వు ఫోన్ చేసినప్పుడు మోచేతుల దాకా పెయింటే, ఎత్తలేదు. తిట్టుకునే ఉంటావు. ఇనుము తిప్పుతూ చెక్కే లేత్ మిషన్ కొన్నాన్రా! హెచ్‌ఎంటీ ఎల్‌బి 17. ఐటీఐలో పనిముక్కని బిగించే చక్కులోనే చక్ కీ వదిలేసి నువ్వు మాస్టారి చేత తన్నులు తిన్నావే, ఆ మోడలే. బాలానగర్‌లో ఎవరో షెడ్డు ఖాళీ చేస్తుంటే పాత ఇనుము రేటుకి కాటా వేయించి తెచ్చుకున్నా.

"దీనికి రంగేయడానికి రెండు నెలలా?" అని మా ఆవిడ రోజూ ఒకటే గొడవ. రంగు వేసింది రెండు సాయంత్రాలే. మిగతాదంతా గీకుడు.

ఐదు పొరలున్నాయిరా దాని మీద. పైన పచ్చ, కింద నీలం, మళ్లీ పచ్చ, ఇంకో పచ్చ, అన్నిటికంటే అడుగున బూడిద రంగు. ఆయుధపూజ ముందురోజు ఒక డబ్బా కొనుక్కొచ్చి, గ్రీజు మీదే బ్రష్షు తిప్పేసి ఉంటారు. మనమూ అంతేగా చేసింది! చక్కు ఉండే హెడ్‌స్టాక్ మీద ఒక పొర పెచ్చులా లేస్తే కింద కుంకుమ బొట్టు కనపడింది. ఏ టర్నరు పెట్టాడో, ఏ దసరాకి పెట్టాడో. కాసేపు గీకబుద్ధి కాలేదు.

భక్తి సరే, ఆయిల్ హోల్స్ కూడా పూడ్చేశారు దరిద్రులు. కోసే పనిముట్టుని మోసుకెళ్లే క్యారేజ్ మీద నూనె పోసే బాల్ ఆయిలర్లు ఉన్నాయని కూడా తెలియలేదు నాకు, రంగు ఊడాకే బయటపడ్డాయి. క్యారేజ్‌ని నడిపే లీడ్‌స్క్రూ చివర, బ్రాకెట్‌లో అది తిరిగే బుష్ నూనె చుక్క లేక అరిగిపోయి, పట్టుకుని ఊపితే స్క్రూ ఊగుతోంది. కొత్త గన్‌మెటల్ బుష్ కావాల్సొచ్చింది. లేత్ ఉన్నవాణ్ని, బుష్ తిప్పించుకోడానికి పక్క షెడ్డు లేత్ దగ్గర లైన్లో నిలబడ్డా. నవ్వుకో.

నువ్వూ మీ డ్రిల్లింగ్ మిషన్‌కి చేస్తానంటున్నావు కాబట్టి చెప్తున్నా, పాత రంగుని పొడిగా రుద్దొద్దు, ఆ దుమ్ములో విషమైన సీసం ఉండొచ్చు. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల్లో 90 వంతులు, దాటకూడదన్న నిబంధనే మన దగ్గర 2017లో అమల్లోకి వచ్చింది. అంతకు ముందు మిషన్ల మీద ఏం పూశారో ఎవడికెరుక? నేను పెయింట్ రిమూవర్ పూసి, ఆరిపోకుండా ప్లాస్టిక్ కవర్ కప్పి, గంటాగి గీకా. గ్లౌజు చిరిగి చుక్క పడితే చెయ్యి భగ్గుమంది. తలుపులన్నీ తీసి పెట్టుకో, ఆ వాసనకి తల తిరుగుతుంది. మిగిలింది నీళ్లు పోసుకుంటూ వాటర్ పేపర్‌తో రుద్దుకో. కంపెనీవాళ్లు పోత మీద పెట్టిన లప్పం పట్టుగా ఉంటే దాని జోలికి పోకు. క్యారేజ్ జారే బెడ్డు మీద మాత్రం ఎమెరీ పేపర్ పెట్టావంటే నీతో మాట్లాడను. ఆ పొడి క్యారేజ్ కిందికి దూరి బెడ్డుని తినేస్తుంది. కిరోసిన్, సన్న స్టీల్ ఊలు, ఓపిక, అంతే.

తుప్పు పట్టిన చిన్న సామాన్లు నిమ్మఉప్పు నీళ్లలో ఒక రాత్రి నానబెట్టి, పొద్దున్నే కడిగి నూనె రాశా.

ఇక నా ఘనకార్యం విను. రెడ్ ఆక్సైడ్ బాగా కుదిరింది, ఎనామిల్ మొదటి కోటూ బాగుంది. రెండో కోటుకి టర్పెంటైన్ అయిపోయింది. పక్కన ఎన్‌సీ థిన్నర్, అదే వేరే రకం రంగులకి కలిపేది, కనపడితే, ఏదైనా థిన్నరేగా అని కలిపేశా. పది నిమిషాల్లో హెడ్‌స్టాక్ అంతా పాల మీద మీగడలా ముడతలు పడింది. మళ్లీ మొదటికి. ఆ రాత్రి అన్నం కూడా తినలేదు.

హ్యాండిళ్ల మీది కొలత డయళ్లు మాత్రం ముద్దొస్తున్నాయి. గీతల్లో నల్లరంగు నింపి, ఆరకముందే అట్టముక్కకి గుడ్డ చుట్టి తుడిచేస్తే గీతలో రంగు గీతలోనే ఉంటుంది. కళ్లజోడు లేకుండా కనపడుతున్నాయి అంకెలు.

రంగు మళ్లీ బూడిదే వేశా. ప్రతి ఆయిల్ హోల్ చుట్టూ ఎర్రగా సున్నా చుట్టా. ఈ దసరాకి బొట్టు పెడతా, నిమ్మకాయ కోస్తా, డబ్బా మాత్రం కొనను.

అన్నట్టు, మీ గాజువాక ఆటోనగర్‌లో పాత సామాన్ల కొట్ల వైపు వెళ్తే దీనికి సరిపోయే ఫోర్ జా చక్కు ఏదైనా ఉందేమో చూడు. దవడలు నాలుగూ ఉండాలి. కీ ఉందో లేదో కూడా చూడు, నీకు ఆ కీతో పాత లెక్కలున్నాయిగా.

నీ,
వాసు