జనవరిలో కాదు, మే నెలలో రండి

తోకామాచి, జపాన్,
డిసెంబరు 7

అమ్మకి, నాన్నగారికి నమస్కారాలు.

నేనిక్కడ కులాసా. మీరూ, మామ్మా, చిన్నాడూ కులాసా అని తలుస్తాను. సంక్రాంతి వెళ్ళగానే ఇక్కడికి రావడానికి టిక్కెట్లు తీసేస్తామని నాన్నగారన్నారు. ఫోన్లో వద్దంటే అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది, నాన్నగారు "చూద్దాంలే" అని పెట్టేస్తారు. కాగితమ్మీదైతే చివరిదాకా చదువుతారని రాస్తున్నాను.

బడి బాగానే ఉంది. చిన్నబడిలో పీరియడు 45 నిమిషాలు, పెద్దబడిలో 50. ఐదు, ఆరు తరగతులకి ఇంగ్లీషు 2020 నుంచే పాఠ్యాంశం. నేను ఇక్కడి టీచరుగారి పక్కన నిలబడి ఇంగ్లీషు చెప్పాలి. ఒప్పందం ఏడాదికోసారి, మొత్తం ఐదేళ్ళు దాటదు. కాబట్టి అక్కడే ఉండిపోతానేమోనని మామ్మ బెంగ పెట్టుకోనక్కర్లేదు.

"మంచుదేముంది, లంబసింగిలో చూశాంగా" అన్నారు నాన్నగారు. పొగమంచుకీ, గడ్డిమీది మంచుకీ, దీనికీ మనకున్నది ఒకటే మాట, చిక్కంతా అక్కడే. సైబీరియా చలిగాలి జపాన్ సముద్రం దాటుతూ, కింద వెచ్చటి ప్రవాహం ఉండటంవల్ల తేమంతా పీల్చుకుని, ఇటు కొండలకి తగిలి ఇక్కడే దించేస్తుంది. కొండలకి అవతల టోక్యోలో అదే రోజు ఎండ కాస్తుంది. ఈ ఊళ్ళో రెండు మీటర్లు పేరుకుంటే ఎవరూ నోరు వెళ్ళబెట్టరు. చలి మాత్రం అమ్మ అనుకున్నంత లేదు. సున్నాకి అటూ ఇటూ, మరీ చల్లటి రాత్రి మైనస్ ఐదు. అందుకే ఈ మంచు దూదిలా ఉండదు, తడిసిన గోనెసంచిలా బరువు. అణిగిన మంచు ఘనపు మీటరుకి 300 కిలోలదాకా తూగుతుంది. వంద చదరపు మీటర్ల కప్పు మీద మీటరెత్తు పేరుకుంటే 30 టన్నులు. నాన్నగారి లెక్కలో చెప్పాలంటే, ఇంటి నెత్తిన 75 కిలోల ధాన్యం బస్తాలు 400 పేర్చినట్టు.

అమ్మా, కంగారు పడకు, ఆ మంచు తియ్యడానికి కప్పు నేనెక్కను. ఇంటివాళ్ళు మనుషుల్ని పెడతారు. హెల్మెట్, నడుముకి తాడు, తక్కువలో తక్కువ ఇద్దరుండాలి. ఒంటరిగా ఎక్కినవాళ్ళు జారి కింది మంచులో కూరుకుపోతే చూసే దిక్కుండదు, ఏటా పోయేవాళ్ళలో ఎక్కువమంది ముసలివాళ్ళే. ఎండ కాసిన మధ్యాహ్నం చూరు కింద నడవకూడదు. మంచు పడుతున్నప్పటికంటే పడటం ఆగి కాస్త వెచ్చబడ్డప్పుడే కప్పు మీది గడ్డ మొత్తం ఒక్కసారి జారుతుంది.

నా వంతల్లా గుమ్మం, కారు. మంచు తోయడానికి "మామాసాన్ డంప్" అని ఒకటుంది, పెద్ద చేటకి పిడి తగిలించినట్టుంటుంది. ఆడవాళ్ళు కూడా తోయగలరని ఆ పేరట. చేతులతో ఎత్తకూడదు, కిందికి పొడిచి, పిడి వంచి, జారుస్తూ తోసుకుపోవాలి. ముందు అడుక్కి సిలికాన్ స్ప్రే కొట్టకపోతే తడిమంచు అంటుకుపోయి ఖాళీ చేటే పది కిలోలవుతుంది. తోసిన మంచుని వీధి పక్క కాలవలో పడేస్తారు, ఒక్కో పేటకి ఒక్కో వేళ. మన కాలవల్లో వంతు నీళ్ళలాగే. వేళ దాటి వేసినా, ఒకేసారి గుమ్మరించినా పూడుకుపోయి కింది ఇళ్ళలోకి నీళ్ళొస్తాయి. వంతు నీళ్ళ తగువులు తెలిసినవాళ్ళకి మిగతాది చెప్పక్కర్లేదు. ఇదంతా తెల్లారకముందే మొదలవుతుంది. రెండు, మూడింటికి రోడ్డు యంత్రం వచ్చి దారి తీస్తుంది కానీ, తీసిన గట్టి మంచునంతా గుమ్మాల ముందు కట్టలా పోసిపోతుంది. అది గడ్డకట్టేలోపే తియ్యాలి.

అమ్మా, నువ్వు పంపిన ఉన్ని బూట్లు ఇంట్లో వేసుకుంటున్నాను. బయట పనికిరావు. ఇక్కడ రోడ్డు మధ్య వరసగా చిల్లులుంటాయి, వాటిలోంచి బోరునీళ్ళు చిమ్ముతాయి. భూమిలోపలి నీళ్ళు చలికాలంలో కూడా 13 డిగ్రీల దాకా ఉంటాయి, మంచు కరగడానికి ఆ వెచ్చదనం చాలు. నీళ్ళలో ఇనుముండబట్టి రోడ్లన్నీ తుప్పురంగు. ఆ నీళ్ళూ, సగం కరిగిన మంచూ కలిసి చీలమండదాకా అంబలి. మోకాలిదాకా రబ్బరు బూట్లు తప్ప ఇంకేవీ ఆగవు. నామీద జాలితో ఇంకో జత కొనకు.

కిరసనాయిలు వాసన గురించి అడిగావు. మామ్మ పంపు స్టవ్వు లాంటిది కాదు, ఫ్యాన్ ఉన్న హీటరు. 18 లీటర్ల ప్లాస్టిక్ డబ్బాలో తెచ్చుకుని, హీటరు ఆపాకే ట్యాంకు బయటికి తీసి గుమ్మం దగ్గర నింపాలి, గదిలో కాదు. మూత బిగిశాక ఒకసారి తలకిందులు చేసి చూసుకోవాలి. మూత సరిగ్గా బిగియకపోతే ప్రమాదం. కిందటేడు మిగిలిన నూనె పోస్తే రంగు మారిపోయి ఉంటుంది, హీటరు పొగ కక్కి చెడిపోతుంది. గంటకోసారి కిటికీ తెరవాలి, లేకపోతే కార్బన్ మోనాక్సైడు. దానికి వాసనుండదు. తలనొప్పి, మత్తు వచ్చాక తలుపు దాకా నడవలేరు. వెలిగించిన మూడు గంటలకి హీటరు దానంతటదే ఆగిపోతుంది కనుక రాత్రి పడుకునే గదిలో ఎవరూ ఉంచుకోరు. తెల్లారేసరికి గది ఐదారు డిగ్రీలు. నాన్నగారికి ఆ వేళకి లేచి కాఫీ తాగే అలవాటుంది చూశారా, అదే నా భయం.

పెరుగు తోడుకోవడం లేదని అన్నాను కదా, ఇప్పుడు కుదిరింది. కొతాత్సు అని పొట్టి బల్ల, అడుగున చిన్న హీటరు, పైన బొంత. కాళ్ళు అందులో పెట్టుకుని కూర్చుంటారు. పాలు వేలు పెడితే ఓర్చుకునేంత వేడిలో తోడు పెట్టి, గిన్నె తువ్వాలులో చుట్టి, బల్ల కింద హీటరుకి దూరంగా ఒక మూల పెడితే ఏడెనిమిది గంటలకి గట్టిగా తోడుకుంటుంది. అన్నం కుక్కరు వెచ్చబెట్టే మీటలో పెట్టకూడదు. దాని వేడి 70 దాకా పోతుంది, తోడు చచ్చిపోయి పాలు విరుగుతాయి. దోసెపిండీ అంతే. పెరుగు మెషీన్ ఉంటే 30 డిగ్రీల మీద పది, పన్నెండు గంటలు పెడితే పొంగుతుంది, ఉప్పు తరవాత కలపాలి. కందిపప్పు ఇక్కడి కొట్లలో దొరకదు, పోస్టులో తెప్పించుకోవాలి.

చలి మైనస్ నాలుగుకి దిగుతుందంటే రాత్రి నీళ్ళు దింపెయ్యాలి. మెయిన్ వాల్వు కట్టేసి, పంపులన్నీ తెరిచి గొట్టాల్లో నీరంతా పోనివ్వాలి. మరిచిపోతే పొద్దున్న చుక్క రాదు. అప్పుడు మరిగే నీళ్ళు పొయ్యకూడదు, గొట్టం పగులుతుంది. గుడ్డ చుట్టి గోరువెచ్చటివి కొద్దికొద్దిగా పొయ్యాలి.

కారుకి చలికాలం టైర్లు వేయించాను చిన్నాడా, నవంబరులోనే. ఆపినప్పుడు వైపర్లు పైకెత్తి ఉంచాలి, హ్యాండ్‌బ్రేక్ వెయ్యకూడదు, తీగ గడ్డకడితే చక్రం కదలదు. మంచులో ఇరుక్కుని ఇంజను నడుస్తుంటే ముందు సైలెన్సరు చుట్టూ తవ్వాలి. అది మూసుకుపోతే పొగ లోపలికే వస్తుంది.

ఇప్పుడసలు సంగతి. మీరు మే నెలలో రండి. అయినా జనవరిలో దాళ్వా నాట్లు ఎవరికి అప్పజెప్పి వస్తారు నాన్నగారూ? మేకైతే దాళ్వా ఇల్లు చేరుతుంది, కాలవలు కట్టేస్తారు, మీకూ తీరిక. ఇక్కడ అప్పుడే నాట్లు. ఉఒనుమా కోషిహికారి అని జపానంతా చెప్పుకునే బియ్యం ఈ చుట్టుపక్కలదే, దానికి పారే నీళ్ళు కొండ మీద కరిగిన ఈ మంచే. నారు ట్రేలలో పోసి, యంత్రంతో కుదురుకి మూడు నాలుగు మొక్కలు నాటుతారు. హోషితోగే అని ఒక ఊళ్ళో చిన్న చిన్న మళ్ళు కొండవాలంతా మెట్లు కట్టి ఉంటాయి. మీరు ప్రతి మడి గట్టూ చూసి వంక పెడతారని తెలుసు, పెట్టండి. ఏప్రిల్ చివర నుంచి మే 5 దాకా ఇక్కడ వరస సెలవులు, రైళ్ళు కిటకిటలాడతాయి. ఆ వారం దాటాక బయలుదేరండి. టోక్యో నుంచి ఎచిగో-యుజావా దాకా బుల్లెట్ రైలు, అక్కడ చిన్న రైలు మారాలి. టోక్యోకి నేనే వస్తాను.

తెచ్చేవాటి సంగతి. పచ్చి కరివేపాకు, మామిడికాయలు వద్దు, విమానాశ్రయంలో తీసేస్తారు. చికెన్ పచ్చడి అసలే వద్దు, మాంసం కలిసిన ఏ పచ్చడైనా నిషేధం. ఆవకాయ డబ్బాకి రెండు కవర్లు చుట్టి పెట్టెలో వెయ్యి. నాన్నగారి బీపీ మాత్రలు నెల రోజులకి మించి తేవద్దు, డాక్టరు చీటీ జతచెయ్యండి. జలుబు మాత్రల అట్టమీద సూడోఎఫెడ్రిన్ అని కనిపిస్తే ఇంట్లోనే వదిలెయ్యండి, అది 10 శాతం దాటితే ఇక్కడ నిషేధం.

మామ్మకి నా నమస్కారాలు. పెళ్ళి సంగతి వేరే ఉత్తరంలో.

మీ
అమ్మాయి

తా.క. అమ్మా, బాటా చెప్పులు ఒక జత మామూలువి తీసుకురా. బడి లోపల వేరే చెప్పులు వేసుకోవాలి, ఇక్కడ నా సైజు దొరకటం లేదు.