ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగితే ఎవరికి చెప్పుకోవాలి? కేంద్ర రవాణా మంత్రికి బహిరంగ లేఖ

శ్రీ నితిన్ గడ్కరీ గారికి,
కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల శాఖ మంత్రి,
న్యూఢిల్లీ.

విషయం: కార్ల ఎయిర్‌బ్యాగ్ లోపాలు, రీకాల్ (లోపం ఉన్న కార్లను వెనక్కి పిలిచి బాగుచేయడం) సమాచారం ఓనర్లకు అందకపోవడం గురించి.

అయ్యా,

2019 జూలై నుంచి ప్రతి కొత్త కారుకూ డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ ఉండాలని, ఆ తర్వాత పక్క సీటుకూ ఉండాలని నిబంధన తెచ్చింది మీ శాఖే. 2023లో భారత్ ఎన్‌క్యాప్ పేరుతో మన దేశంలోనే క్రాష్ టెస్టులు మొదలుపెట్టించారు. మధ్యతరగతి వాడు కొనే చిన్న కారులో కూడా ప్రాణరక్షణ ఉండాలని మీరు పట్టుబట్టినందుకు కృతజ్ఞతలు. అయితే ఇదంతా షోరూమ్‌లో ఉన్న కొత్త కారు సంగతి. ఆ కారు ఎండకూ వానకూ తిరిగి, ఇద్దరు ముగ్గురు ఓనర్ల చేతులు మారాక దాని ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తుందో లేదో చూసే ఏర్పాటు లేదు. ఈ లేఖ దాని గురించే.

తాళం తిప్పగానే మీటర్ బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ గుర్తు కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోవాలి. ఆరకపోయినా, నడుపుతుండగా వెలిగినా, లోపల ఎక్కడో లోపం ఉందని కంట్రోల్ యూనిట్ (ఎయిర్‌బ్యాగులను నడిపే చిన్న కంప్యూటర్) పట్టుకున్నట్టు. అలాంటప్పుడు గుద్దుకుంటే బ్యాగులు తెరుచుకోకపోవచ్చు, సీటు బెల్టును బిగించే ప్రీటెన్షనర్లు కూడా పనిచేయకపోవచ్చు. బ్రేకు సరిగా పడకపోతే కాలికి తెలుస్తుంది. ఏసీ పాడైతే చెమట పడుతుంది. ఎయిర్‌బ్యాగ్ పాడైన సంగతి చెప్పేది ఆ లైటు ఒక్కటే.

అది వెలగడానికి కారణాలు చాలా ఉంటాయి. సీటు కింద పసుపు రంగు కనెక్టర్ వదులవుతుంది. స్టీరింగ్ తిరుగుతున్నా ఎయిర్‌బ్యాగ్‌కు కరెంటు అందించే క్లాక్ స్ప్రింగ్ అరుగుతుంది. ఎలుకలు వైర్లు కొరికేస్తాయి. చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్ ముందు సీట్ల మధ్య, ఫ్లోర్ మీదే ఉంటుంది కాబట్టి వరద నీళ్లలో నిలిచిన కారుకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్ని కార్లు మునిగాయో అందరూ చూశారు. అలాంటి కారును శుభ్రం చేసి మరో ఊళ్లో అమ్మితే, కొన్నవాడికి అది మునిగిన కారని ఎలా తెలియాలి?

నా కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. లైటు వెలిగితే సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లాను. స్కానర్ పెట్టి, లోపం ఏమిటో చెప్పే కోడ్ తుడిచేసి, ఇక పర్లేదు సార్ అన్నారు. కొద్ది రోజులకే మళ్లీ వెలిగింది. ఈసారి వారంటీ అయిపోయింది, స్టీరింగ్‌లో పార్టు మార్చాలి అంటూ ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. కారు సమస్యలు రాసుకునే జాబ్ కార్డు చూస్తే ఎయిర్‌బ్యాగ్ మాటే లేదు, జనరల్ చెకప్ అని రాసుంది. బయట మెకానిక్ అయితే చిన్న రెసిస్టర్ పెట్టి లైటు ఆర్పేస్తానన్నాడు. లోపం అలాగే ఉంటుంది, హెచ్చరిక మాత్రం పోతుంది. నేను వద్దన్నాను. ఊ అన్నవాళ్ల కార్లు కూడా మన రోడ్ల మీద తిరుగుతున్నాయి, వాటిలో పిల్లలు కూర్చుంటున్నారు.

నేను ఆ డబ్బు కోసం ఈ ఉత్తరం రాయడం లేదు. జాబ్ కార్డులో నమోదు కాని ఫిర్యాదు ఎక్కడికి పోతుందన్నదే నా బాధ. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో 110ఏ సెక్షన్ వచ్చింది. ప్రమాదకరమైన లోపం ఉంటే వాహనాలను వెనక్కి పిలిపించే అధికారం కేంద్రానికి దక్కింది. 2021 ఏప్రిల్ నుంచి నియమాలూ అమల్లోకి వచ్చాయి. ఆ నియమాల ప్రకారం బాగా అమ్ముడయ్యే కారు మోడల్ అయితే, రీకాల్ దాకా వెళ్లాలంటే వెయ్యికి పైగా ఫిర్యాదులు రావాలి. ఓనర్లు ఆ ఫిర్యాదులను మీ పోర్టల్‌లో చేసుకోవాలి. అలాంటి పోర్టల్ ఉందని ఎంతమందికి తెలుసు? లైటు వెలిగితే ఎవరైనా సర్వీస్ సెంటర్‌కే వెళతారు. అంటే అసలు లెక్కంతా కంపెనీల కంప్యూటర్లలోనే ఉంది, మీ దగ్గరికి రావడం లేదు. ఏ మోడల్‌లో, ఏ నెలలో తయారైన కార్లలో ఈ లైటు ఎక్కువగా వెలుగుతోందో కంపెనీకి తెలుస్తుంది. ప్రభుత్వానికీ ఓనరుకూ తెలియదు.

కంపెనీలు తమంతట తాము రీకాల్ చేయడం లేదని నేను అనను. 2023 జనవరిలో మారుతి సుజుకీ 17,362 కార్లను ఎయిర్‌బ్యాగ్ కంట్రోలర్‌లో లోపం ఉండవచ్చని వెనక్కి పిలిచింది. పార్టు మార్చేదాకా ఆ కారు నడపవద్దని కూడా చెప్పింది. అది సరైన పద్ధతి. కాకపోతే అవన్నీ దాదాపు నెల రోజుల్లో తయారైన కొత్త కార్లు, ఓనర్ల ఫోన్ నంబర్లు కంపెనీ దగ్గర ఉన్నాయి. పాత కార్ల సంగతి వేరు. మూడో ఓనరు చేతిలో ఉన్న కారుకు రీకాల్ వస్తే మెసేజ్ మొదటి ఓనరుకే పోతుంది. ఆయన ఎప్పుడో అమ్మేశాను కదా అనుకుని డిలీట్ చేస్తాడు.

పాత కార్లే ఎక్కువ ప్రమాదమని ఎయిర్‌బ్యాగులు తయారుచేసిన జపాన్ కంపెనీ టకాటా వ్యవహారం ప్రపంచానికంతా చూపించింది. ఆ కంపెనీ ఇన్‌ఫ్లేటర్లలో (బ్యాగును గ్యాస్‌తో ఉబ్బించే భాగాలు) వాడిన అమ్మోనియం నైట్రేట్ ఏళ్ల తరబడి వేడికీ తేమకూ పాడై, బ్యాగు తెరుచుకునేటప్పుడు ఇనుప ముక్కలు మనుషుల మీదికి దూసుకొచ్చాయి. అమెరికాలోనే పాతిక మందికి పైగా చనిపోయారు, దాదాపు 6.7 కోట్ల ఇన్‌ఫ్లేటర్లు రీకాల్ అయ్యాయి. మన దేశంలో కూడా 2016 జూలైలో హోండా ఒక్కసారే 1.9 లక్షల కార్లను ఇందుకోసం పిలిచింది. అమెరికాలో ఫ్లోరిడా లాంటి వేడి, తేమ ఉన్న ప్రాంతాలకు ముందు వరుసలో పార్టులు పంపారు. మన విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, నెల్లూరుల్లో ఏడాదిలో ఎన్ని నెలలు అలాంటి ఉక్కపోత ఉంటుందో ఇక్కడ పుట్టిన వాళ్లకు చెప్పక్కర్లేదు. అయినా మన నియమాల ప్రకారం ప్రభుత్వం ఆదేశించే రీకాల్ ఏడేళ్లు దాటని వాహనాలకే వర్తిస్తుంది. వయసు మీరేకొద్దీ బయటపడే లోపానికి ఏడేళ్ల గడువు పెట్టడం నాకు ఎంత ఆలోచించినా అర్థం కాలేదు. కారును 15 ఏళ్లు తిరగనిస్తున్నప్పుడు రీకాల్ కూడా 15 ఏళ్లు ఉండాలి.

ఓనరు ఒంటరిగా పోరాడితే ఎంత కాలం పడుతుందో కూడా చూశాం. 2017లో ఢిల్లీ-పానిపట్ హైవే మీద గుద్దుకున్న ఒక హ్యుందాయ్ క్రెటా కారులో ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా నడిచి 2022 ఏప్రిల్‌లో ఓనరు పక్షాన తేలింది. కారు కొనేవాడు వేగాలూ బలాలూ లెక్కగట్టే భౌతికశాస్త్ర నిపుణుడై ఉండాలని ఆశించలేమని కోర్టు తేల్చి చెప్పింది. అంత ఓపిక, అంత ఖర్చు ఎందరికి సాధ్యం?

మిగతా దేశాలు చేసి చూపించినవి ఉన్నాయి. టకాటా రీకాల్ చేయించుకోని కార్లను జపాన్ 2018 నుంచి తప్పనిసరి తనిఖీలో పాస్ చేయడం మానేసింది. బ్రిటన్‌లో ఏటా జరిగే పరీక్షలో ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతూ ఉంటే కారు ఫెయిల్. అమెరికాలో ఉంటున్న మన పిల్లలు సెకండ్ హ్యాండ్ కారు కొనేముందు అక్షరాలూ అంకెలూ కలిపి 17 ఉండే విన్ నంబరు (మనం చాసిస్ నంబరు అనేది) ప్రభుత్వ వెబ్‌సైట్‌లో కొట్టి, రీకాల్ పెండింగ్ ఉందో లేదో చూసుకుంటున్నారు. ఇక్కడ వాళ్ల అమ్మానాన్నలకు ఆ వీలు ఎందుకు ఉండకూడదు?

అందుకే నేను అడిగేది ఇది. ఎయిర్‌బ్యాగ్, బ్రేకు, స్టీరింగ్ లోపాల మీద వచ్చిన ప్రతి జాబ్ కార్డునూ కంపెనీలు మూడు నెలలకోసారి మీ శాఖకు పంపేలా ఆదేశించండి, వాటినీ ఫిర్యాదుల లెక్కలో చేర్చండి. లైటు వెలిగిందని వచ్చిన కారుకు దొరికిన కోడ్ ఏమిటో ఓనరుకు రాసివ్వడం తప్పనిసరి చేయండి. సముద్ర తీర జిల్లాలకు ఎయిర్‌బ్యాగ్ రీకాల్‌లో మొదటి వరుస ఇవ్వండి. ట్యాక్సీల ఫిట్‌నెస్ తనిఖీలో ఈ లైటునూ చూడండి, ఎందుకంటే అందులో ఎక్కే ప్రయాణికుడికి కారు చరిత్ర అడిగే అవకాశమే లేదు. ఏడేళ్ల గడువు తీసేయండి.

వీటన్నిటికంటే ముందు చేయగలిగింది ఒకటుంది. హెల్మెట్ లేకపోతే చలానా మెసేజ్ ఇప్పుడున్న ఓనరు ఫోన్‌కే వస్తోంది. ఆర్‌సీ మారితే కొత్త ఓనరు నంబరు మీ రికార్డులో ఉంటోంది. అదే దారిలో రీకాల్ మెసేజ్ పంపించండి. ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే ఇన్సూరెన్స్, పొల్యూషన్ గడువులతో పాటు పెండింగ్ రీకాల్ కూడా కనిపించేలా చేయండి. ఆర్‌సీ బదిలీ అప్పుడు ఆ వివరం కొనేవాడి ముందు పెట్టండి. కంపెనీల దగ్గర చాసిస్ నంబర్లు ఉన్నాయి, మీ దగ్గర ఓనర్ల నంబర్లు ఉన్నాయి. ఆ రెంటినీ కలపడానికి పార్లమెంటులో కొత్త చట్టం చేయక్కర్లేదు. ఎప్పటిలోగా చేస్తారో ఒక తేదీ చెప్పండి.

ఇట్లు,
ఒక కారు ఓనరు,
రాజమహేంద్రవరం.