మాగాణి మినుముకు రైజోబియం ఎలా పట్టించాలి?

సంపాదకులకు నమస్కారం,

గోదావరి డెల్టాలో సార్వా (ఖరీఫ్ వరి) కోతకు ముందు మినుము చల్లే రోజులొచ్చాయి. ఎకరా విత్తనం 16-18 కిలోలకు 200 గ్రాముల రైజోబియం ప్యాకెట్లు రెండు కావాలి. గాలిలోని నత్రజనిని వేరు బుడిపెల్లో పట్టి మొక్కకిచ్చే సూక్ష్మజీవుల పొడి ఇది. చాలామంది ఒక్కటే కలిపి, పని చేయలేదంటారు! విత్తనశుద్ధి మందులు ముందు పట్టించి ఆరనివ్వాలి. రైజోబియం చివర, చల్లబోయే ముందే. పొడి గింజకు అంటుకోవడానికి వాడే బెల్లం పాకం వేడిగా ఉన్నప్పుడు కలిపితే సూక్ష్మజీవులు చస్తాయి. పూర్తిగా చల్లార్చి, గింజ తడిసేంతే చిలకరించి, పొడి పట్టించి నీడలో ఆరబెట్టాలి. నెల తర్వాత మొక్కను మట్టితో సహా పెళ్లగించి వేరు బుడిపెను గోటితో చీల్చండి. లోపల గులాబీ రంగుంటే నత్రజని అందుతున్నట్టే. తెల్లగా ఉంటే లేనట్టే. దుకాణాల్లో ఎండ తగిలేచోట పెట్టిన ప్యాకెట్లు గడువులో ఉన్నా దండగే. వ్యవసాయాధికారులు యూరియా నిల్వలతోపాటు వీటినీ తనిఖీ చేయాలి.

ఇట్లు,
కోనసీమ పాఠకుడు