తోడేలు మనుషుల సంగతి తేల్చాలి

అందరికీ నమస్కారం. ఆదివారం కలిసేలోపు మన కథలో తోడేలు మనుషుల గురించి, అంటే పౌర్ణమికి తోడేళ్లుగా మారిపోయేవాళ్ల గురించి, కాస్త ఆలోచించండి. మనిషికి 32 పళ్లు, తోడేలుకి 42. ఆ పది పౌర్ణమి రాత్రి ఎక్కణ్ణుంచి మొలుస్తాయి, తెల్లారాక ఎటు పోతాయి? చిగుళ్లు వాచి రెండ్రోజులు మజ్జిగన్నంతో సరిపెట్టుకుంటారని రాస్తే నమ్మొచ్చు.

గుంపుకి నాయకుడెవరన్న కొట్లాటలు వద్దండీ. అడవిలో తోడేళ్ల గుంపంటే చాలావరకు అమ్మానాన్నా పిల్లలే.

నాకు ఆసక్తి వాళ్ల బతుకుతెరువు మీద. అంత చురుకైన ముక్కుతో గుంటూరు మిర్చి యార్డులో హమాలీ పనికెళ్లగలరా? గేటు దగ్గరే కళ్లు తిరుగుతాయి. బెజవాడలో ఇల్లు అద్దెకడిగితే ఓనరమ్మ మొదటి ప్రశ్న, ‘పౌర్ణమికి ఊళ్లోనే ఉంటారా బాబూ?’ అడ్వాన్సు మాట ఆ తర్వాతే!

కథల్లో వాళ్లని చంపే వెండి తూటాల జోలికి పోకండి, విసుగొచ్చేసింది. మీ పేజీలు శనివారం రాత్రికల్లా ఇక్కడే పెట్టేయండి.