బర్రె కొట్టంలో జీవశాస్త్రం పాఠం గురించి

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన గురువారం తెల్లవారుజామున మన పదో తరగతి పిల్లలు ఒక బర్రె కొట్టంలో నిలబడి ఉన్న ఫొటో మీ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. "ఇంతింత ఫీజులు కట్టేది బర్రెల దగ్గర నిలబెట్టడానికా?" అని కొందరు రాశారు. ఇద్దరు నేరుగా నా గదికే వచ్చి అడిగారు, వాళ్ళకు నా కృతజ్ఞతలు. జీవశాస్త్రం మాస్టారు నా అనుమతితోనే పిల్లల్ని తీసుకెళ్ళారు కాబట్టి జవాబు నేనే చెప్పాలి.

పదో తరగతిలో నియంత్రణ, సమన్వయం అనే పాఠం ఉంది. ఒంట్లో ఒకచోట పుట్టిన రసాయనం రక్తంలో కలిసి ఇంకోచోటికి కబురు మోసుకెళ్తుందని, దాన్ని హార్మోన్ అంటారని అందులో చదువుతారు. ఈ పాఠం కళ్ళారా చూడాలంటే పాలమూరు పల్లెల్లో బర్రె కొట్టాన్ని మించిన చోటు లేదు. దూడను విడవగానే అది పొదుగును కుమ్మి చన్ను నోట పడుతుంది. ఆ తాకిడి నరాల వెంట మెదడుకు చేరుతుంది. మెదడు అడుగున ఉన్న పీయూష గ్రంథి వెనక భాగం ఆక్సిటోసిన్ అనే హార్మోన్‌ను రక్తంలోకి వదులుతుంది. అది రక్తంతో పొదుగుకు వచ్చి పాల తిత్తుల చుట్టూ అల్లుకున్న కణాలను బిగిస్తుంది, పాలు చన్నుల్లోకి దిగుతాయి. బర్రె చేపింది అని మనం అనేది దీన్నే.

మొదటి రోజు బర్రె చేపలేదు. పద్దెనిమిది మంది కొత్తవాళ్ళు ఒక్కసారిగా చుట్టూ చేరేసరికి బెదిరి పాలు ఎగచేపింది, అంటే దించకుండా బిగబట్టింది. ఆ బర్రెను సాకే అవ్వ తవుడు పెట్టింది, వీపు నిమిరింది, దూడను మళ్ళీ విడిచింది. లాభం లేకపోయింది. మాస్టారు అక్కడే ఆగి, భయపడినప్పుడు ఏమవుతుందో పిల్లలతోనే చెప్పించారు. మెదడు ఆక్సిటోసిన్‌ను పంపడం తగ్గిస్తుంది, మరోవైపు మూత్రపిండాల మీద టోపీలా ఉండే గ్రంథుల నుంచి అడ్రినలిన్ వచ్చి పొదుగులోని రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది. వచ్చిన కాస్త కబురు కూడా సరిగా చేరదు. మర్నాడు ఆరుగురే వెళ్ళి, గోడ వారగా చప్పుడు చేయకుండా నిలబడ్డారు. దూడను విడిచాక రెండు నిమిషాల లోపే పాలు దిగాయి. ఈ తేడాను ఏ బోర్డు మీద గీసి చూపించగలం?

నేనూ వాళ్ళ వెంటే ఉన్నాను. తిరిగి వస్తుంటే ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న నాకింకా చెవుల్లోనే ఉంది. "రక్తం ఒళ్ళంతా తిరుగుతుంది కదా మేడం, మరి కాళ్ళు, మెడ ఎందుకు బిగుసుకోవు?" నేను నోరు తెరిచేలోపే వెనక బెంచీలో కూర్చునే అబ్బాయి అందుకున్నాడు. "ఊళ్ళో డప్పు చాటింపు వేస్తే అందరికీ వినిపిస్తుంది. బియ్యం ఇస్తున్నారంటే కార్డున్నవాళ్ళే సంచి పట్టుకొని లేస్తారు." హార్మోన్‌ను అందుకునే గ్రాహకాలు ఉన్న కణాలే కదులుతాయన్న సంగతిని ఇంత తేటగా చెప్పిన గైడ్ నేను చూడలేదు. ఈ పిల్లవాణ్ణే మీలో కొందరు మొద్దు అంటుంటారు. ఇంకో అమ్మాయి, దూడ తాగితే ఈనిన బర్రెకు మాయ త్వరగా పడుతుందని అవ్వ చెప్పిన మాట నోట్సులో రాసుకొని, ఆక్సిటోసిన్ గర్భసంచిని కూడా బిగిస్తుందని తనే పుస్తకం వెతికి పట్టుకుంది.

మూడేళ్ళుగా నేను గైడ్లు, బిట్ బ్యాంకులు బడికి తేవద్దని బతిమాలుతున్నాను. ఎందుకో చెప్తాను. 1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక కుక్క పేగుకు వెళ్ళే నరాలు తెంచేసి చూశారు. అయినా ఆ పేగులో ఆమ్లం పడగానే క్లోమం రసం ఊరింది. కబురు నరాల మీద కాక రక్తంలో వెళ్ళిందని అలా తేలింది, మూడేళ్ళ తర్వాత స్టార్లింగ్ ఆ రసాయన దూతలకు హార్మోన్ అనే పేరు వాడాడు. అంతకుముందు ఆ రసం ఊరడం నరాల పనే అనుకునేవారు. అనుకున్నది కాకుండా ఎదుట జరిగింది చూడగలిగారు వాళ్ళు. మన పిల్లలకు ఆ చూపే కావాలి. నాలుగు జవాబుల్లో ఒకటి గీయడం వారం రోజుల్లో ఎవరైనా నేర్చుకుంటారు. చేపడం, ఎగచేపడం అన్న మాటలు ఇంట్లో విని పెరిగిన పిల్లలు మనవాళ్ళు, సగం పాఠం వాళ్ళకు బడికి రాకముందే వచ్చు. దాన్ని పాత రోత అని మాన్పించకండి.

అన్యథా భావించకపోతే ఇంకో మాట. పోయిన వారం పరీక్ష రోజు పొద్దున ఒక బాబును గేటు దగ్గర అందరి ముందూ మార్కుల గురించి తిట్టి పంపారు. ముందురోజు నాకు గడగడా చెప్పిన జవాబు ఆ రోజు వాడికి ఒక్క ముక్క గుర్తు రాలేదు. టెన్షన్‌లో పెరిగే కార్టిసాల్ అనే హార్మోన్ గుర్తున్నదాన్ని కూడా ఒక్కోసారి బయటికి రానివ్వదు. బర్రె దగ్గర గట్టిగా మాట్లాడొద్దని మీ అందరికీ తెలుసు. రాత్రి పన్నెండు దాకా ఫోన్లు కూడా దయచేసి ఆపండి, పెద్దవాళ్ళవి ముందు. ఎదుగుదల హార్మోన్ ఎక్కువగా ఊరేది గాఢనిద్రలోనే. ఖాళీ కడుపుతో వ్యాన్ ఎక్కించకండి, రాత్రి మిగిలిన జొన్నరొట్టె అయినా చాలు.



మిగిలిన పన్నెండు మంది ఈ గురువారం, శుక్రవారం ఆరుగురు చొప్పున కొట్టానికి వెళ్తారు. ఇష్టం లేనివారు బుధవారంలోగా డైరీలో రాసి పంపండి. చూడాలనుకునే తల్లిదండ్రులు రోజుకు ఒక్కరు రావచ్చు. అవ్వ పెట్టిన షరతు ఒకటే: కొట్టంలో సెల్‌ఫోన్ మోగకూడదు.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు