శీనూ, నవల ఆన్‌లైన్‌లో పెట్టే ముందు

ఒరేయ్ శీనూ,

నవల పూర్తయిందన్న కబురు చదివి ఎంత సంతోషమేసిందో! ఆ కింద రాశావు చూడు, "ఓట్లు బాగా పడే సైట్ ఏదో చెప్పు, మొత్తం ఎక్కించేస్తా" అని. అక్కడ మాత్రం కాస్త ఆగరా. ఇది పొడుగు ఉత్తరమే, తీరిక చేసుకుని చదువు.

ముందు ఆథనమీ సంగతి తెలియాలి నీకు. హార్పర్ కాలిన్స్ ప్రచురణ సంస్థ 2008లో పెట్టిన సైట్ అది. ఎవరైనా తమ రాతప్రతి అక్కడ పెట్టొచ్చు. ప్రతి సభ్యుడికీ ఐదు పుస్తకాలు పట్టే అర ఒకటి ఉండేది, నచ్చినదాన్ని అందులో పెట్టుకుంటే ఓటేసినట్టే. నెలాఖరుకి పైన నిలిచిన ఐదింటినీ సంస్థ ఎడిటర్లు చూసేవాళ్లు. వినడానికి న్యాయంగానే ఉంది కదా? కానీ ఓట్లేసేవాళ్లలో ఎక్కువమంది రాసేవాళ్లే, ఎవరికి వాళ్లకి తమ పుస్తకమే పైకి రావాలని ఉంటుంది. ఇంకేముంది, "నాది నువ్వు పెట్టుకో, నీది నేను పెట్టుకుంటా" అన్న బేరం మొదలైంది. పైకెక్కాలంటే రాత మెరుగుపరుచుకోవడం కన్నా రోజూ గంటలకొద్దీ కనిపించినవాడినల్లా పలకరించడం ముఖ్యమైపోయింది. 2015లో దాన్ని మూసేశారు. అక్కడినుంచి అచ్చు దాకా వెళ్లినవి కొద్దే.

అమెజాన్ 2014లో తెచ్చిన కిండిల్ స్కౌట్‌లో పద్ధతి వేరు. ముప్పై రోజులపాటు పాఠకులు నామినేట్ చేసేవాళ్లు, ఎంపికైన పుస్తకానికి 1500 డాలర్ల అడ్వాన్సు ఇచ్చేవాళ్లు. కానీ చివరిమాట ఎడిటర్లదే కాబట్టి, చుట్టాలూ స్నేహితులూ అందరిచేతా ఓట్లేయించినా పని జరుగుతుందన్న నమ్మకం లేదు. అదీ 2018లో ఆగిపోయింది.

పోనీ ఇచ్చిపుచ్చుకోవడాలు లేకుండా నిజంగా నచ్చే ఓటేస్తున్నారనుకో, అప్పుడైనా ర్యాంకుని నమ్మొచ్చా? సాల్గానిక్, డాడ్స్, వాట్స్ అనే ముగ్గురు పరిశోధకులు 2006లో ఒక ప్రయోగం ప్రచురించారు. తెలియని బ్యాండ్లవి 48 పాటలు తీసుకుని, దాదాపు 14,000 మందిని గుంపులుగా విడదీసి వినిపించారు. కొన్ని గుంపుల్లో ఏ పాటని ఎంతమంది దించుకున్నారో కనబడేలా పెట్టారు. ఒక గుంపులో పైనున్న పాట ఇంకో గుంపులో ఎక్కడో కిందికి పోయింది. మరీ మంచివి అడుక్కి పోవడం, మరీ నాసివి పైకి రావడం అరుదే. మధ్యలో ఉన్నవాటి గతి మాత్రం మొదట ఎవరి కంట పడ్డాయన్న దాన్నిబట్టే తేలింది. అందుకే ర్యాంకు పడిపోయిందని నవలని తిట్టుకోకు.

మరి ఆ సైట్లు దేనికి పనికొస్తాయంటావా? చదివేవాడు ఎక్కడ వదిలేశాడో చూపిస్తాయి, నన్నడిగితే వాటి అసలు విలువ అదే. కథల్ని భాగాలుగా పెట్టుకునే వాట్‌ప్యాడ్ లాంటి సైట్‌లో ఒక్కో భాగాన్ని ఎన్నిసార్లు తెరిచారో కనబడుతుంది. ఉదాహరణకి అంకెలు 400, 130, 112, 105, 58 అని ఉన్నాయనుకో. మొదటినుంచి రెండోదానికి పడిపోవడం చూసి బెంగపడకు, ఊరికే తొంగిచూసినవాళ్లూ, బదులు ఓటు కోసం వచ్చినవాళ్లూ అక్కడే రాలిపోతారు. నువ్వు చూడాల్సింది 105 నుంచి 58కి దిగడం. ఐదోది బాగాలేదని దాన్ని తిరగరాయడానికి కూర్చుంటారు చాలామంది. అది పొరపాటురా! ఐదోది తెరవనేలేదంటే వాళ్లని పోగొట్టింది నాలుగోది. దాని చివరి పేజీ తీసి చూడు: సమస్య అక్కడే తేలిపోయిందా, లేక పాత్ర పడుకుని నిద్రపోవడంతో అధ్యాయం ముగిసిందా? ఈ లెక్క కూడా ఐదోది పెట్టి రెండుమూడు వారాలు గడిచాకే చూడాలి. కొత్తగా పెట్టినదానికి ఎలాగూ తక్కువే ఉంటాయి.

వ్యాఖ్యల విషయానికొస్తే, "సూపర్, తర్వాతి భాగం ఎప్పుడు?" అన్నవి చదివి సంతోషించు, అంతే. అధ్యాయం చివర నువ్వే సూటిగా ఒక ప్రశ్న పెట్టు: "చదువుతూ ఎక్కడ విసుగొచ్చింది?" ముగ్గురు ఒకే పేరా చూపిస్తే అక్కడ తేడా ఉన్నట్టే. దాన్ని ఎలా దిద్దాలన్న వాళ్ల సలహాలు మాత్రం తలా ఒక దారిన పోతాయి, మందు నువ్వే వెతుక్కోవాలి. ఇంకొకటి, అందరూ మొదటి అధ్యాయం మీదే అభిప్రాయం చెబుతారు. దాన్నే పదేపదే చెక్కుతూ కూర్చుంటే అది నునుపుదేలిపోతుంది, మిగతా నవల చిత్తుప్రతిగానే ఉండిపోతుంది.

పెట్టేటప్పుడు ఒక్కో భాగం 1500 నుంచి 2000 మాటల్లోపు ఉంచు, వారంలో ఫలానా రోజని అనుకుని ఆ రోజే పెట్టు. మొదలుపెట్టేనాటికి ఎనిమిదో పదో భాగాలు దిద్ది సిద్ధంగా ఉండాలి, లేకపోతే గడువు తరుముతుంటే తోచింది రాసేస్తావు.

మొత్తం నవల మాత్రం పెట్టకురా, నా మాట విను. చాలా పోటీలూ పత్రికలూ "ఇంతకుముందు ఎక్కడా రానిది" అని నిబంధన పెడతాయి, ఆన్‌లైన్‌లో అందరికీ కనబడితే వచ్చినట్టే లెక్కగట్టేవాళ్లున్నారు. పావువంతు చాలు. ఒప్పుకునే ముందు షరతులు కూడా చదువు. నీ రచనని సైట్‌లో చూపించడానికి అనుమతి అడగడం మామూలే. "ప్రత్యేక హక్కులు", "శాశ్వతంగా", "సినిమా, అనువాద హక్కులు" అన్న మాటలు కనబడితే మాత్రం సంతకం ఆపు.

చప్పట్లు కాకుండా దిద్దుబాటే కావాలంటే వేరే రకం చోట్లున్నాయి. 1995 నుంచి నడుస్తున్న క్రిటర్స్, పాయింట్ల మీద నడిచే స్క్రైబోఫైల్ అలాంటివి. అక్కడ ఇతరుల రచనలకి వివరంగా విమర్శ రాస్తేనే నీ రచనకి చోటు దొరుకుతుంది. శ్రమే, కానీ పక్కవాడి అధ్యాయంలో కథ ఎక్కడ కుంటుతోందో కాగితం మీద పెట్టడం అలవాటైతే, నీ రాతలోనూ అది కనబడటం మొదలవుతుంది. నీకైతే ముందు అక్కడికే వెళ్లమంటాను.

మొదటి ఐదు అధ్యాయాలూ ఈలోగా నాకు పంపు. ఎక్కడ ఆగానో పెన్సిల్‌తో గీత పెట్టి పంపిస్తా.

ఉంటా మరి,
నీ మూర్తి